చార్లెస్ గెయిన్స్ చెట్లు: గళ్ళలో అంకెలు వేస్తే అది బొమ్మ ఎలా అవుతుంది?

ముందు మీ ప్రశ్నను నాకు అర్థమైనట్టు చెప్తాను, తేడా ఉంటే సరిదిద్దండి. చార్లెస్ గెయిన్స్ అనే అమెరికన్ కళాకారుడి పనులు కొన్ని చూశారు. ఒక పక్క చెట్టు ఫొటో, మధ్యలో అదే చెట్టు గీత బొమ్మ, ఇంకో పక్క గ్రాఫ్ పేపర్ లాంటి గళ్ళలో చీమల్లా అంకెలు. మీకు మూడు సందేహాలు వచ్చాయి. ఇందులో కళ ఏముంది? ఇది కంప్యూటర్ చిటికెలో చేసే పని కదా? ప్రకృతిలో దాగి ఉన్న గణితాన్ని బయటపెట్టడమేనా ఈయన ఉద్దేశం?

మూడోదానితో మొదలుపెడతాను. అక్కడ దారి తప్పితే మిగతా రెండూ తేలవు.

కాదు. ఆ అంకెల్లో ప్రకృతి రహస్యం ఏమీ లేదు. పొద్దుతిరుగుడు పువ్వులో గింజల వరసలు లెక్కపెట్టి ఫిబొనాచీ సంఖ్యలు (1, 2, 3, 5, 8 ఇలా, వెనకటి రెండూ కలిపితే తర్వాతిది వచ్చే వరస) చూపిస్తారే, అలాంటిది కాదు ఇది. ఏ గడిలో ఏ అంకె వెయ్యాలో గెయిన్స్ ముందే ఒక రూల్ పెట్టుకుంటారు. ఆ రూల్ చెట్టు ఎలా పెరుగుతుందో చెప్పదు, చెప్పాలని చూడదు కూడా. ఆ రూల్ పని చెట్టుని పట్టుకోవడం కాదు, గీసేవాడి చేతిని పట్టుకోవడం. నా సమాధానం మొత్తం ఈ ఒక్క మాట చుట్టూనే తిరుగుతుంది.

ముందు పని ఎలా జరుగుతుందో చూద్దాం. ఆయన చెట్ల సిరీస్‌లో మొదటి పెద్దది 1975లో మొదలైన ‘వాల్‌నట్ ట్రీ ఆర్చర్డ్’. అప్పుడాయన కాలిఫోర్నియాలోని ఫ్రెస్నోలో ఆర్ట్ చెప్తుండేవారు. ఆ చుట్టుపక్కలంతా తోటలే. ఒక వాల్‌నట్ (అక్రోట్) తోటలో చెట్లని ఒక్కొక్కటిగా బ్లాక్ అండ్ వైట్‌లో ఫొటో తీశారు. ప్రతి చెట్టుకీ మూడు పలకలు. మొదటి దాంట్లో ఫొటో. రెండో దాంట్లో ఆ చెట్టు గీత రూపం. మూడో దాంట్లో గళ్ళు గీసి, చెట్టు పడ్డ ప్రతి గడిలో ఒక అంకె. ఆ అంకె ఊరికే అలంకారానికి వేసింది కాదు, ఆ గడి ఎక్కడుందో చెప్పే చిరునామా.

అసలు విషయం రెండో చెట్టు దగ్గర మొదలవుతుంది. రెండో చెట్టు గళ్ళ పలకలో మొదటి చెట్టు కూడా ఉంటుంది. మూడో దాంట్లో మొదటి రెండూ ఉంటాయి. ఇలా పోగు పడుతూ పోతుంది. కొన్ని చెట్లయ్యేసరికి కుడి పలకలో విడి చెట్టంటూ కనిపించదు. అంకెలతో కిక్కిరిసిన ఒక గుబురు కనిపిస్తుంది. ఎడమ పలకలో మాత్రం మామూలు ఫొటో, ఒకే ఒక్క చెట్టు.

చదివితే ఇది చాలా పొడిగా ఉంటుంది, నాకు తెలుసు. నాకూ చాలాకాలం అలాగే ఉండేది. ఇరవై ఏళ్ళకి పైగా డ్రాయింగ్ చెప్తున్నాను. మొదట్లో ఈయన పనిని స్లైడ్ మీద ఒక నిమిషం చూపించి, “కాన్సెప్చువల్ ఆర్ట్‌లో, అంటే బొమ్మ కంటే ఐడియాకే పెద్దపీట వేసే కళలో, ఇలాంటివి కూడా ఉన్నాయి” అని దాటేసేవాణ్ణి. తర్వాత ఒకసారి విద్యార్థులతో పాటు నేనూ కూర్చుని చేశాను. ఇది ఆయన పద్ధతికి నకలు కాదు, దాని నుంచి మేం తయారుచేసుకున్న తేలిక రూపం. మీరూ చెయ్యొచ్చు.

చెట్టు ఫొటో ప్రింట్ తీసి, దాని మీద ట్రేసింగ్ పేపర్ పెట్టి అంచు గీత తీశాం. దాన్ని గ్రాఫ్ పేపర్ మీదకి ఎక్కించాం. మాను నడిమి నిలువు వరసకి సున్నా. అక్కణ్ణుంచి కుడికి 1, 2, 3... ఎడమకి 1, 2, 3... కొమ్మ పడ్డ గడిలో ఆ గడి అంకె రాయాలి, పడని గడి ఖాళీ. అంతే రూల్. ఒక అడ్డు వరస ఎలా వస్తుందంటే: ఎడమ పక్క 9, 8, 7, తర్వాత ఖాళీ, మధ్యలో 0, మళ్ళీ ఖాళీ, కుడి పక్క 4, 5, ఇంకొంత ఖాళీ, చివర ఒంటరిగా 11. ఆ 11 ఒక చిటారు కొమ్మ కొస. ఫొటోలో దాన్ని నేను అసలు చూడలేదు. గడి అడిగింది కాబట్టి చూశాను.

పావుగంటలోనే తగాదా వచ్చింది. కొమ్మ గీత గడిని ఒక మూల మాత్రమే తాకితే? నింపాలా, వదిలెయ్యాలా? సగం కంటే ఎక్కువ పడితేనే నింపాలని రూల్ పెట్టుకున్నాం. సరిగ్గా సగం పడితే? దానికి ఇంకో రూల్. ఒక అమ్మాయి కాగితం పట్టుకొచ్చి, “సార్, ఈ గడి నింపితే కొమ్మ వంపు అందంగా వస్తుంది, నింపనా?” అంది. కొలిచి చూస్తే సగం కంటే తక్కువే పడింది. వద్దన్నాను. ఆ అమ్మాయి మొహం ముడుచుకుంది. ఆ వారం మొత్తంలో మేం నేర్చుకున్న పాఠం అదే. ‘అందంగా వస్తుంది’ అన్న మాట చెట్టుది కాదు, ఆ అమ్మాయిది. కొమ్మ ఎలా వంగితే అందమో మన చేతికి ముందే నేర్పి ఉంచారు. బొమ్మలు, సినిమాలు, క్యాలెండర్లు, నాలాంటి డ్రాయింగ్ మాస్టార్లు అందరూ కలిసి నేర్పారు. అసలు చెట్టు ఎదురుగా ఉన్నా చెయ్యి ఆ నేర్చుకున్న వంపే గీస్తుంది.

గెయిన్స్ మొదట్నుంచీ అనుమానించింది ఈ చేతినే. ఆయన 1944లో సౌత్ కరొలైనాలోని చార్ల్‌స్టన్‌లో పుట్టారు, న్యూజెర్సీలోని నూవర్క్‌లో పెరిగారు. రాచెస్టర్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో 1967లో ఎం.ఎఫ్.ఏ. పూర్తి చేశారు. మొదట పెయింటరే. కాన్వాస్ ముందు నిలబడి, లోపలినుంచి ఏదో ఉబికివస్తే దాన్ని రంగుల్లో పొయ్యడమే కళ అని అప్పటి నమ్మకం. ఆ నమ్మకం ఆయనకి ఎక్కలేదు. ‘లోపల’ అని మనం అనుకునేదంతా నిజంగా మనదేనా, బయటి సమాజం పెట్టి వెళ్ళిందా అన్నది ఆయన ప్రశ్న. ఒక నల్లజాతి కళాకారుడిగా ఆ ప్రశ్న ఆయనకి పుస్తకాల్లోది కాదు. నువ్వు నల్లవాడివి కాబట్టి నీ కళ ఫలానాలా ఉండాలి, నీ అనుభవాన్నే వెళ్ళగక్కాలి అన్న ఒత్తిడి ఆ రోజుల్లో అన్ని వైపులనుంచీ ఉండేది. ఆయన గ్రాఫ్ పేపర్ తీసుకుని లెక్కలు వేసుకుంటూ కూర్చుంటే ఇటువాళ్ళకీ నచ్చలేదు, అటువాళ్ళకీ నచ్చలేదు.

తాంత్రిక బౌద్ధ చిత్రాలు తన మీద పనిచేశాయని ఆయన చెప్పుకున్నారు. సంగీతకారుడు జాన్ కేజ్ ప్రభావం గురించి కూడా. రెంటిలోనూ కామన్‌గా ఉన్నది ఒకటే: చేసేవాడి ఇష్టాయిష్టాలు కాకుండా ఒక పద్ధతి బొమ్మనో పాటనో నడిపించడం. 1973–74లో ‘రిగ్రెషన్’ అనే సిరీస్ చేశారు. ఒక డ్రాయింగ్‌లో వచ్చిన లెక్కలే తర్వాతి డ్రాయింగ్‌కి ముడిసరుకు. అందులో చెట్టూ లేదు, పుట్టా లేదు, ఉత్త అంకెలు. అయినా అవి ఏదో పెరుగుతున్న వస్తువులా కనిపిస్తాయి. చెట్ల దగ్గరికి ఆయన వెళ్ళింది దాని తర్వాతే. చెట్టుని ప్రేమించి గళ్ళలోకి తెచ్చిన మనిషి కాదు, గళ్ళు చేతిలో పట్టుకుని చెట్టు దగ్గరికి వెళ్ళిన మనిషి. ఈ వరస గుర్తుంచుకుంటే చాలా అపోహలు తీరిపోతాయి.

ఇక్కడ సాల్ లెవిట్ అనే ఇంకో అమెరికన్ కళాకారుడి పేరు రాకుండా ఉండదు. 1967లో ‘ఆర్ట్‌ఫోరమ్’ పత్రికలో ఆయన రాసిన వ్యాసంలో, ఐడియానే బొమ్మని తయారుచేసే యంత్రం అవుతుందన్న మాట ఉంది. 1968 నుంచి గోడ మీద గీయాల్సిన డ్రాయింగులకి సూచనలు రాసిపెట్టేవారు, గీసేది ఎక్కువగా వేరేవాళ్ళు. గెయిన్స్ పనిని గుర్తించి న్యూయార్క్ గ్యాలరీలకి పరిచయం చేసినవాళ్ళలో లెవిట్ ఒకరు. ఇద్దర్నీ ఒకే గాటన కట్టేస్తారు కానీ తేడా పెద్దది. లెవిట్ రూల్ తనలో తాను పూర్తవుతుంది. గీతలు, ఘనాలు, వాటి కలయికలు, అన్నీ రూల్ లోపలే పుడతాయి. గెయిన్స్ రూల్‌కి బయటి వస్తువు కావాలి. చెట్టు, మొహం, కుండీలో మొక్కా దాని నీడా, 1980–81లో అయితే ట్రిషా బ్రౌన్ అనే అమెరికన్ డాన్సర్ కదలికలు. రూల్ మారదు, వస్తువు మారుతుంది. వచ్చే ఫలితంలో తేడా ఉంటే అది పూర్తిగా వస్తువు వల్ల వచ్చిందే. ప్రయోగశాలలో ఒక్కటి తప్ప అన్నీ స్థిరంగా ఉంచినట్టు.

దీన్ని ఛందస్సుతో పోలుస్తుంటారు కొందరు. నాకది సగమే సరి అనిపిస్తుంది. కందం రాసే కవికి గణాలు, యతి, ప్రాస బిగించి ఉంటాయి, నిజమే. కానీ ఆ బిగింపులో ఏ పదం వెయ్యాలన్నది కవి ఇష్టం, అక్కడే అతని సత్తా తెలుస్తుంది. గెయిన్స్ గళ్ళలో ఆ ఇష్టం కూడా లేదు. రూల్ రాసేవరకే ఆయన, తర్వాత చెట్టు ఎంత చెప్తే అంత.

ప్రకృతి, రూల్స్ అనగానే చాలామందికి ఇంకోటి గుర్తొస్తుంది, మీ ప్రశ్నలోనూ దాని వాసన ఉంది. కంప్యూటర్‌లో చెట్లు పెంచడం. 1968లో అరిస్టిడ్ లిండెన్‌మేయర్ అనే జీవశాస్త్రవేత్త నాచు కణాలు పెరిగే తీరుని వర్ణించడానికి ఒక పద్ధతి చెప్పారు. మన అక్షరాల్లో ఇలా ఉంటుంది: ‘క’ ఉన్నచోట ‘కఖ’ రాయాలి, ‘ఖ’ ఉన్నచోట ‘క’ రాయాలి. ‘క’తో మొదలుపెట్టండి. క, తర్వాత కఖ, తర్వాత కఖక, తర్వాత కఖకకఖ. అక్షరాల లెక్క 1, 2, 3, 5, తర్వాత 8. అదిగో ఫిబొనాచీ. ఈ పద్ధతినే పెంచి, అక్షరాలకి బదులు గీతలు, మలుపులు పెడితే స్క్రీన్ మీద ఫెర్న్‌లు, పొదలు మొలుస్తాయి.

అది ఎంతో ముచ్చటైన సంగతి, కానీ గెయిన్స్ పనికి సరిగ్గా తిరగేసి ఉంటుంది. అక్కడ రూల్ నుంచి చెట్టు పుడుతుంది. ఏ తోటలోనూ లేని చెట్టు. ఇక్కడ చెట్టు ముందే ఉంది, ఫలానా తోటలో, ఫలానా రోజున ఫొటో దిగింది. రూల్ దాని పక్కన వచ్చి నిలబడుతుంది, అంతే.

ఇంకో దారి కూడా ఉంది, అది నాకు ఇష్టమైనది. ఆగ్నెస్ డెనెస్ అనే కళాకారిణి ఫిన్లండ్‌లోని యులోయార్వి దగ్గర ఒక మనిషి చేసిన గుట్ట మీద 11,000 మంది చేత 11,000 చెట్లు నాటించారు. 1996లో పూర్తయింది. చెట్ల వరసలు గణిత సూత్రం ప్రకారం సుడులు తిరుగుతూ ఉంటాయి, దాన్ని 400 ఏళ్ళు కాపాడాలని ఒప్పందం. అక్కడ రూల్ బొమ్మలో కాదు, నేల మీదే ఉంది. చెట్లు రూల్ ప్రకారం నిలబడి, తర్వాత తమ ఇష్టం వచ్చినట్టు పెరుగుతాయి. గెయిన్స్‌తో పోలిస్తే ఇది చాలా ఆశావాదం. ఆయన పనిలో అంత ఆశ ఉండదు, నిజం చెప్పాలంటే కొంచెం ఎకసెక్కం కూడా ఉంటుంది.

ఆ ఎకసెక్కం ఎక్కడుందో చెప్తాను. పోగుపడటంలో ఉంది. తర్వాత చెట్టు, తర్వాత చెట్టు అని ఒకదాని మీద ఒకటి వేస్తూ పోతే చివరికి ‘అసలైన వాల్‌నట్ చెట్టు’ బయటపడుతుందని మనకో ఆశ. అన్ని చెట్లలోనూ ఉన్న సారం ఏదో తేలుతుందని. తేలదు. మాను ఉండేచోట చిక్కగా, అంచుల్లో పలచగా ఒక అంకెల మబ్బు తేలుతుంది. అది ఏ చెట్టూ కాదు. అదే సమయంలో ఎడమ పక్క ఫొటోలోని చెట్టు మాత్రం ముందుకంటే ఒంటరిగా, ముందుకంటే స్పష్టంగా కనిపించడం మొదలవుతుంది. మా క్లాసులో ఆరో చెట్టు దగ్గరికి వచ్చేసరికి పిల్లలు చెట్లకి పేర్లు పెట్టేశారు. ‘వంకర’, ‘రెండు తలలది’, ‘బక్కది’. ఏ భావమూ చూపకుండా అంకెలు మాత్రమే వెయ్యమంటే, ప్రతి చెట్టునీ మనిషిలా గుర్తుపట్టడం నేర్చుకున్నారు. నేను ముందే ఊహించి ఉంటే గొప్పగా చెప్పుకునేవాణ్ణి, ఊహించలేదు.

నా తప్పు కూడా చెప్పాలి. నా రెండో చెట్టుకి నడిమి వరసని ఒక గడి పక్కకి లెక్కపెట్టాను. దాదాపు మూడు గంటల పని. పూర్తయ్యాక చూస్తే బ్రహ్మాండంగా ఉంది, తప్పని ఎవరూ పట్టుకోలేదు, నేను కూడా. మూడో చెట్టుని దాని మీదకి ఎక్కిస్తున్నప్పుడు బయటపడింది. మానుల్లో ఒకటి అటు, ఒకటి ఇటు జరిగి, మధ్యలో సన్నని ఖాళీ సందు. విడిగా చూస్తే ఏ పలకా అబద్ధం చెప్పలేదు, వరసలో పెడితేనే దొరికిపోయింది. అప్పటినుంచి గెయిన్స్ పలకల్ని ఒక్కటొక్కటిగా పుస్తకంలో చూసి అభిప్రాయం చెప్పేవాళ్ళంటే నాకు కాస్త అనుమానం. ఆయన పని యూనిట్ బొమ్మ కాదు, సిరీస్.

ఇక మీ రెండో సందేహం, కంప్యూటర్ సంగతి. చేస్తుంది, సందేహం లేదు. ఫొటో ఇచ్చి, గళ్ళ సైజు చెప్తే రెప్పపాటులో అంకెలు పోస్తుంది. కానీ పని వేగంగా అవ్వడం ఇక్కడ లాభం కాదు. పారిస్‌లో ఉండిన వెరా మోల్నార్ అనే కళాకారిణి 1959లోనే కంప్యూటర్ లేకుండా, కంప్యూటర్ ఉన్నట్టు ఊహించుకుని రూల్స్ ప్రకారం చేత్తో బొమ్మలు గీసేవారు. దానికి ‘ఊహా యంత్రం’ అని పేరు పెట్టుకున్నారు. 1968లో నిజం కంప్యూటర్ దొరికాక దానితోనూ చేశారు. రూల్ ముఖ్యం, మిషన్ కాదు. గెయిన్స్ డెబ్బైల డ్రాయింగుల్లో ఆ వేల అంకెలు చేత్తో రాసినవి. దగ్గరికెళ్ళి చూస్తే ఒక 7కి, పక్క 7కి చిన్న తేడా కనిపిస్తుంది. చేతిని కట్టేసినా మణికట్టు కాస్త కదిలింది. ఆ కదలికని ఆయన కావాలని పెట్టలేదు, తీసెయ్యలేదు కూడా. ప్రింటర్ నుంచి వచ్చిన కాగితంలో ఈ గొడవే ఉండదు, అందుకే దాని ముందు మనం ఎక్కువసేపు నిలబడం.

1980ల రెండో సగంలో ‘నంబర్స్ అండ్ ట్రీస్’ మొదలైంది. ఇప్పటికీ రకరకాల చెట్లతో నడుస్తున్న సిరీస్ ఇది. మీరు ఆన్‌లైన్‌లో చూసిన రంగురంగులవి బహుశా ఇవే. ఇవి కాగితాలు కావు, ప్లెక్సిగ్లాస్ (గాజులా కనిపించే ప్లాస్టిక్) పెట్టెలు. చెట్టు ఫొటో ఒక పొర, అంకెలూ రంగు గళ్ళూ ఇంకో పొర, మధ్యలో కొంచెం ఎడం. ఒక్కో చెట్టుకి ఒక్కో రంగు. 2016లో న్యూయార్క్ సెంట్రల్ పార్క్ చెట్లతో చేసినవి కూడా ఈ కుటుంబమే. వీటిని స్క్రీన్ మీద చూసి తేల్చకండి. దూరం నుంచి రంగుల చెట్టు. నాలుగడుగులు ముందుకేస్తే చెట్టు చెదిరి గళ్ళవుతుంది. ఇంకా దగ్గరికి వెళ్తే అంకెలు, వాటి వెనక ఫొటోలో ఆకులు. తల కొంచెం పక్కకి జరిపితే రెండు పొరలు ఒకదానిమీద ఒకటి జారతాయి. ఫొటోలో ఉన్నది చెట్టు, గళ్ళలో ఉన్నది చెట్టు, మీరు చూస్తున్నది మాత్రం ఆ రెంటి మధ్య ఎడం.

విమర్శ కూడా చెప్పాలి కదా. ఈ పెట్టెలు కంటికి మరీ ఇంపుగా ఉంటాయి. డెబ్బైల కాగితాల మొండితనం వీటిలో తగ్గిందని నాకనిపిస్తుంది. గోడకి తగిలించుకోవాలనిపించే రంగుల చెట్టు అయిపోతే, అలవాటుపడ్డ కళ్ళని అనుమానించమన్న మొదటి మాట పలచబడుతుంది. ఈ మాట అంటే నాతో వాదించే మిత్రులున్నారు. ఆ అందం కూడా రూల్ ఇచ్చిందే, ఆయన పెట్టలేదు కదా అంటారు. రంగులు ఎంచుకున్నది ఎవరు అని నేనంటాను. తెగలేదు.

ఇదే పద్ధతిని ఆయన మనుషుల మీద కూడా పెట్టారు. 1978లో ‘ఫేసెస్’. ఫొటో, గీత రూపం, గళ్ళు, వెనకటి మొహాలన్నీ తర్వాతి మొహం మీద పోగుపడటం, అంతా చెట్ల లాగే. కానీ చూసే మనకి ఒక్కసారిగా ఇబ్బంది మొదలవుతుంది. చెట్లని కలిపేస్తే పట్టించుకోని మనం, మొహాలని కలిపేస్తే జాతి, రంగు, పోలిక అని వెతకడం మొదలుపెడతాం. రూల్ అదే, మారింది మన తలలో ఉన్నది. చాలా ఏళ్ళ తర్వాత 2018లో అరిస్టాటిల్ దగ్గర్నుంచి నల్లజాతి స్త్రీవాద రచయిత్రి బెల్ హుక్స్ దాకా ఆలోచనాపరుల మొహాలతో మళ్ళీ చేశారు. రాజకీయ ప్రకటనల్ని సంగీతంగా మార్చిన ‘మానిఫెస్టోస్’ కూడా ఈ వరసలోదే. ఇంగ్లిష్ ఏ నుంచి హెచ్ దాకా అక్షరాలు స్వరాలు, మిగతావి నిశ్శబ్దాలు. వినడానికి విషాదంగా ఉంటే ఆ విషాదం ఎక్కణ్ణుంచి వచ్చింది? ఎవరూ పెట్టలేదు.

ఇప్పుడు మీ మొదటి ప్రశ్నకి, కళ ఎక్కడుంది అన్నదానికి, నా దగ్గరున్న గట్టి జవాబు ఒక తోట. 2023 మొదట్లో న్యూయార్క్‌లో ‘సదరన్ ట్రీస్’ అని ఆయన ప్రదర్శన జరిగింది. అందులో చెట్లు పీకన్ చెట్లు, వాల్‌నట్ లాంటి కాయలు కాసేవి. ఫొటోలు తీసింది సౌత్ కరొలైనాలో చార్ల్‌స్టన్ దగ్గరున్న బూన్ హాల్ ప్లాంటేషన్‌లో. ఆయన పుట్టిన ఊరి పక్కనే. బానిసల చేత పని చేయించిన తోట అది. వాళ్ళుండిన ఇటుక గదులు కొన్ని ఇప్పటికీ అక్కడ నిలబడి ఉన్నాయి. ఆ ప్రదర్శన పేరు వినగానే, నల్లవాళ్ళని కొట్టి చంపి చెట్లకి వేలాడదీసిన రోజుల మీద 1939లో బిల్లీ హాలిడే పాడిన ‘స్ట్రేంజ్ ఫ్రూట్’ పాట అమెరికన్లకి గుర్తొస్తుంది. ఆ పాట మొదలయ్యేదే ‘సదరన్ ట్రీస్’ అన్న మాటలతో.

ఇంతా తెలిశాక బొమ్మ దగ్గరికి వెళ్ళండి. బొమ్మలో ఏముంది? పీకన్ చెట్టు. గళ్ళు. అంకెలు. ఫ్రెస్నోలో వాల్‌నట్ చెట్టుకి ఏం చేశారో సరిగ్గా అదే చేశారు, ఒక్క గడి ఎక్కువ కాదు, తక్కువ కాదు. నెత్తురు లేదు, తాడు లేదు, ఏడుపు లేదు. రూల్‌కి చరిత్ర తెలియదు, తెలుసుకోదు. దానికి కొమ్మ ఏ గడిలో పడిందన్నదే కావాలి. కానీ ఆ కొమ్మని మీరు ఇంక మామూలు కొమ్మలా చూడలేరు. వేరే కళాకారుడైతే కొమ్మని భయంకరంగా వంచి, ఆకాశాన్ని ఎర్రగా చేసి మనకి భావం తినిపించేవాడు, మనం అయ్యో అనుకుని పక్క బొమ్మకి వెళ్ళిపోయేవాళ్ళం. ఇక్కడ ఎవరూ ఏమీ తినిపించలేదు కాబట్టి, వచ్చిన భయం ఎవరిదో మనమే లెక్క చూసుకోవాలి. చెట్టుదా, గెయిన్స్‌దా, మనదా? తెలియని మనిషిని తీసుకొచ్చి అదే బొమ్మ ముందు నిలబెడితే రంగులు బాగున్నాయంటాడు, అతను చెప్పిందీ అబద్ధం కాదు.

ప్రకృతి బొమ్మలంటే మనకి సాధారణంగా మనసుకి హాయి ఇచ్చే సరుకు. పొలం, ఏరు, చెట్టు కింద నీడ. ఆ హాయి కూడా మనం చెట్టు మీద వేసిన పూతే అని చెప్పడానికి గెయిన్స్‌కి ముప్పై పేజీల వ్యాసం అవసరం రాలేదు, గ్రాఫ్ పేపర్ చాలింది. ఒక్కటి మాత్రం ఒప్పుకుంటాను: ఇంత కథ నేను చెప్తే తప్ప మీకు అందకపోతే, అది బొమ్మ లోపమా కాదా అన్నది అడగాల్సిన ప్రశ్నే. పీకన్ చెట్ల విషయంలో గోడ మీద అతికించిన పేరు, ఊరు చదవకపోతే సగం పోతుంది. వాల్‌నట్ చెట్ల విషయంలో ఏ కథా అక్కర్లేదు, వరసగా నడిస్తే చాలు.

మీరు చేసి చూద్దామనుకుంటే నాలుగు మాటలు. ఆకులు రాలిన చెట్టు తీసుకోండి, గుబురు చెట్టుతో మొదలుపెడితే అన్ని గళ్ళూ నిండిపోయి విసుగొస్తుంది. ఫొటోలన్నీ ఒకే దూరం నుంచి, కెమెరా ఒకే ఎత్తులో పెట్టి తీయండి. గడి మరీ పెద్దదైతే చెట్టు మెట్లమెట్లుగా ఉంటుంది, మరీ చిన్నదైతే మీరు మధ్యలో వదిలేస్తారు. ఒక కాగితానికి అడ్డంగా అరవై, డెబ్బై గళ్ళు మాకు సరిపోయాయి. పెన్సిల్ వద్దు, పెన్నుతో రాయండి. నడిమి వరసని రంగు పెన్నుతో ముందే గుర్తుపెట్టుకోండి, నాలాగా ఒక గడి పక్కకి పోకుండా. సగం పడ్డ గడికి ఏం చేస్తారో ముందే ఒక చీటీ మీద రాసి కళ్ళెదురుగా అంటించండి. మూడో చెట్టు దగ్గర దాన్ని మార్చాలని గట్టిగా అనిపిస్తుంది. ఏ కొమ్మ దగ్గర అనిపించిందో ఆ గడి నంబరు పక్కన రాసిపెట్టుకుని, మార్చకుండా ముందుకి వెళ్ళండి. కనీసం నాలుగు చెట్లయ్యాక ఆ నంబర్లు ఇక్కడ పెట్టండి, మాట్లాడుకుందాం.